మట్టి తొట్టి

పూజ పాత్ర తుడిచిన గుడ్డలు ఉతకడాన్ని ఎవరైనా చాకిరీ అంటే పిన్నికి ఒళ్ళు మండేది. చాకిరీ ఇంట్లో చేసేది, ఇది గుడిలో చేసేది అనేది. రెండింటికీ తేడా ఏమిటని అడిగే ధైర్యం ఆ గుడికి వచ్చేవాళ్ళలో ఎవరికీ లేదు. పెళ్ళి కాకముందు నుంచీ ఆ పని ఆవిడదే. కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది గానీ అది ఎప్పుడో మరుగున పడిపోయింది. అందరికీ ఆవిడ ఇస్త్రీ పిన్ని. ఆవిడకంటే పాతికేళ్ళు పెద్దవారైన పెద్ద ఫాదర్ కూడా పిన్నీ అనే పిలిచేవారు, ఆవిడా పలికేది.

పీఠం వెనక ఒక ఇరుకు గది ఉంది. ఒకవైపు పూజ వస్త్రాలు వేలాడే బీరువా, ఇంకోవైపు ఇస్త్రీ బల్ల, కిటికీ కింద రెండు తొట్లు. పెద్దది మామూలు తొట్టి, చేతులు కడుక్కోవడానికీ పూలకూజాలు తోమడానికీ. చిన్నదానికి మూత ఉంటుంది. దాని గొట్టం మురుగులోకి పోదు. గోడలోంచి దిగి, గుడి పునాది పక్కన మట్టిలో ముగుస్తుంది. అందుకే పిన్ని దాన్ని మట్టి తొట్టి అనేది.

అలాంటి తొట్టి ఎందుకో చెప్పకపోతే ఈ కథ చెప్పి లాభం లేదు. పూజలో అప్పం క్రీస్తు శరీరమవుతుంది, ద్రాక్షరసం ఆయన రక్తమవుతుంది. పిన్నికి ఇది పోలిక కాదు. తన ఇంటి గుమ్మం ఎంత నిజమో అంత నిజం. పూజ చివర ఫాదర్ పాత్ర తుడిచే చిన్న గుడ్డలో ఆ రక్తం తడి ఉంటుంది. పాత్ర కింద పరిచే చదరపు గుడ్డలో కంటికి ఆనని అప్పం నలుసు ఉండొచ్చు. కాబట్టి సబ్బు తాకకముందే ఆ గుడ్డల్ని మంచినీళ్ళలో మూడుసార్లు జాడించాలి, ఆ నీళ్ళు భూమికే పోయాలి. చుక్క కూడా మురుగులో పడకూడదు. ఆ తర్వాతే సబ్బు, గంజి, ఇస్త్రీ. గంజి గట్టిగా పెడితే నలుసు పోగుల్లోకి దిగకుండా పైనే నిలుస్తుంది. చదరపు గుడ్డకి నిలువునా మూడు, అడ్డంగా మూడు మడతలు, అన్నీ లోపలికే. ఇదంతా పెద్ద ఫాదర్ నేర్పిందే. ఆయన నేర్పింది ఒక వంతయితే ఈవిడ పట్టించుకున్నది పది వంతులు. పిన్ని నిప్పులు కడిగే రకం.

ఆ నిప్పులు కడిగే గుణం చివరికి కన్నకొడుకు మీదే పడింది.

కొడుకు ప్లంబరు. పెళ్ళి ఈ గుడిలోనే జరిగింది. ఆ పిల్ల రెండేళ్ళు తిరక్కుండా ఇంకొకరితో వెళ్ళిపోయింది. కోర్టు విడాకులిచ్చింది గానీ గుడి ఇవ్వదు కదా, ఇక్కడ పడిన ముడిని చావు తప్ప ఏదీ విప్పదు. అది ఉండగా ఇంకో పెళ్ళి చేసుకున్నవాళ్ళకి ఆ అప్పం, అంటే సత్ప్రసాదం, ఇవ్వరు. వాడు కొన్నాళ్ళు బైరాగిలా తిరిగి తిరిగి, ఒక మంచి పిల్లని చూసుకుని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఆదివారం కొత్త పెళ్ళాంతో పూజకొచ్చాడు. సత్ప్రసాదం కోసం అందరితో పాటు వరసలోకి వెళ్ళబోతే ఎవరో మోచెయ్యి పట్టుకుని ఆపారు. ఆపింది పెద్ద ఫాదర్ కాదు, పిన్ని.

“నీకు లేదు రా,” అంది.

మెల్లగానే అంది గానీ రెండు బెంచీల దాకా వినపడింది. వాడు పెళ్ళాన్ని తీసుకుని వెనక్కి వెళ్ళి, ఆఖరి బెంచీలో స్తంభం పక్కన కూర్చున్నాడు. అప్పట్నుంచి పన్నెండేళ్ళు అదే వాళ్ళ చోటు. అందరూ లేచి ముందుకు వెళ్తుంటే వాళ్ళిద్దరూ మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చేవాళ్ళు. పిన్ని పీఠం ముందున్న కమ్మీ దగ్గర మోకరించి, నాలుక చాపి సత్ప్రసాదం తీసుకుని, తల దించుకుని వాళ్ళ పక్కనుంచే తిరిగొచ్చేది. చూస్తే ఎక్కడ మనసు కరిగిపోతుందోనని కొడుకు వైపు చూసేది కాదు. ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చేది. ఎంత ఏడ్చినా మాట మార్చుకోలేదు. తన ఇంట్లో మనిషికి తగిలితే గానీ తెలియదు అని జనం అంటుంటారు చూడండి, ఈవిడ తన ఇంట్లో మనిషికే తగిలించింది, తెలిసి తగిలించింది.

పెద్ద ఫాదర్ పోయారు. కొత్త ఫాదర్ వచ్చాడు. నలభై దాటని మనిషి, స్కూటర్ మీద తిరుగుతాడు, నవ్వితే గుడి అవతలికి వినపడుతుంది. వచ్చిన ఏడాదిలోనే తెల్లవారుజాము లాటిన్ పూజ ఆగిపోయింది. పైనుంచి వచ్చిన ఆజ్ఞ అన్నాడు. మోకరించే కమ్మీ తీసేశారు. సత్ప్రసాదం ఇక నిలబడి, చేతిలో. పాటల్లోకి గిటారు వచ్చింది. సగం మంది సంబరపడ్డారు, సగం మంది మొహాలు మాడ్చుకున్నారు. మాడ్చుకున్నవాళ్ళకి పెద్ద దిక్కు రిటైరైన హెడ్మాస్టరు గారు. కమ్మీని కోసి బండిలో వేసిన రోజు ఆయన గుడి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆయన తండ్రి ఆఖరిసారి సత్ప్రసాదం తీసుకున్నది ఆ కమ్మీ దగ్గరే. అది చూసి పిన్ని వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. లాటిన్ పూజలో చెప్పాల్సిన జవాబులు ఆవిడకి చిన్నప్పుడు నేర్పింది ఆయనే. గిటారు మోగితే ఆవిడకి ఇప్పటికీ ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది.

అయినా కొత్త ఫాదర్‌ని పిన్ని ఒక్క మాట అనలేదు, తన ముందు ఎవర్నీ అననివ్వలేదు. ఎందుకంటే ఆయన వచ్చిన కొత్తలోనే, ఒక ఆదివారం పూజ అయ్యాక, ఆఖరి బెంచీ దాకా నడిచి వెళ్ళి ఆవిడ కొడుకు పక్కన కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నాడు. తర్వాత కొన్నిసార్లు ఆ బెంచీలో, కొన్నిసార్లు వాళ్ళింట్లో టీ తాగుతూ, చాన్నాళ్ళ పాటు వాళ్ళ కథంతా విన్నాడు. వాళ్ళ చేత ప్రార్థన చేయించాడు, పైవాళ్ళతో మాట్లాడాడు. చివరికి ఒక ఆదివారం “రండి,” అన్నాడు.

ఆ రోజు వరసలో పిన్ని కొడుకు వెనకే నిలబడింది. గొట్టాలు బిగించి బిగించి కాయలు కాసిన వాడి చేతుల్లో ఫాదర్ అప్పం పెట్టడం చూసింది. ఇది తప్పో ఒప్పో ఆవిడకి తెలియలేదు. పెద్ద ఫాదర్ ఉంటే ఏమనేవారో అని కాస్త భయం కూడా వేసింది. కానీ ఆ సంతోషం ముందు ఆ భయం ఎంత. ఆ మధ్యాహ్నం కోడలు వండింది తిని, మనవరాలి జడ వేసి, ఏ కారణమూ లేకుండా నవ్వుతూ ఇంటికొచ్చింది.

వాడికి గుడికి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. పిన్ని కంట్లో శుక్లం తీయించుకుని చెల్లెలింట్లో పడుకున్న రోజుల్లో, వెనక గది గొట్టాలన్నీ మార్చేశాడు. తుప్పు పట్టిన ఇనప గొట్టాలు పీకేసి తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు వేశాడు. కూలీ తీసుకోలేదు. గోడ చెమ్మ ఆరిపోయింది, కారే కుళాయి మూగబోయింది. తిరిగొచ్చిన తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు.

“ఈ చిన్న తొట్టి చూడమ్మా. నీళ్ళు పోసి, అవి ఎప్పుడు దిగుతాయా అని ఆ మోకాళ్ళ నొప్పులతో నిలబడి చూసేదానివి. ఇప్పుడు పోసి చూడు.”

పోసింది. రెప్ప వేసేలోపు నీళ్ళు మాయం.

“ఏం చేశావు రా?”

“లోపల గొట్టం పాడైపోయింది. కొత్తది వేశాను. ఇంక మూసుకుపోయే ప్రశ్నే లేదు.”

పిన్ని వాడి తల మీద చెయ్యి వేసి నిమిరింది. అంతకుమించి అడగలేదు. అడగాలని తోచలేదు.

తర్వాత ఎన్నో నెలలకి, వానలు దంచి కొట్టిన వారంలో, గుడి వెనక సందులో మురుగు పొంగింది. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి కిటికీ అవతలే ఉన్న గుంట మూత తీశారు. పిన్ని లోపల ఆదివారం గుడ్డలు జాడిస్తోంది. మొదటి నీళ్ళు మట్టి తొట్టిలో పోసి, గుడ్డల్ని రెండోసారి గిన్నెలో ముంచిందో లేదో, బయట నుంచి కేక.

“ఎవరండీ లోపల? నీళ్ళు పొయ్యకండి! మీద పడుతున్నాయి!”

కిటికీలోంచి తొంగి చూసింది. గుంటలో ఒక మనిషి నడుం లోతున దిగి ఉన్నాడు. వాడి మొహానికి ఎదురుగా కొత్త తెల్ల గొట్టం మూతి. ఆవిడ పోసిన నీళ్ళ ఆఖరి చుక్కలు దాన్లోంచి కారి, కింద నల్లగా కదులుతున్న మురుగులో పడుతున్నాయి.

“అది ఎక్కడి గొట్టం నాయనా?” అంది.

“మీ గదిలోదేనండి. ఇదివరకు మట్టిలోకి పోయేదిలా ఉంది, ఆ పాత ముక్క ఇంకా పక్కనే ఉంది. ఎవరో తెచ్చి దీంట్లో కలిపారు. ఎవరు చేశారో గానీ పనిమంతుడండీ, చుక్క కారడం లేదు.”

ప్లంబరుకి మట్టిలో ముగిసిన గొట్టం విరిగిన గొట్టమే. విరిగినదాన్ని మురుగు లైనుకి కలిపాడు. ఏ ప్లంబరైనా అదే చేస్తాడు. అందులోనూ కన్నతల్లి మోకాళ్ళ కోసమైతే ఇంకా శ్రద్ధగా చేస్తాడు.

నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. గుడ్డలు జాడించిన నీళ్ళు ఎటు పోతే ఏమిటని. కానీ ఆ మనిషి ఒక జీవితమంతా ఆ నీళ్ళ కోసం నిలబడింది. అన్ని నెలల పాటు, ప్రతి వారం, తన దేవుణ్ణి తన చేత్తోనే ఎత్తి ఊరి మలంలో పోసింది. పోసి, మూత వేసి, సిలువ గుర్తు వేసుకుని మరీ ఇంటికి పోయింది. పిన్ని గిన్నెలో మిగిలిన నీళ్ళు బయటికి తీసుకెళ్ళి, గుడి గోడ పక్కనున్న గన్నేరు మొక్క మొదట్లో పోసింది. ఆ రోజు నుంచి అక్కడే పోసేది.

శనివారం సాయంత్రం, చేసిన పాపాలు ఫాదర్‌కి చెప్పుకునే పాపసంకీర్తనకి వెళ్ళింది. జాలీకి అవతల కొత్త ఫాదర్ జలుబుతో దగ్గుతున్నాడు. అంతా చెప్పింది. కొడుకు ఊసెత్తకుండా చెప్పాలని చూసింది గానీ గొట్టాలు వేసింది ఎవరో ఆయనకి తెలియనిదా.

“ఆ తొట్టి సంగతి మీవాడికి నేను ముందే చెప్పాల్సింది పిన్నీ. నాకే తట్టలేదు. తప్పంటూ ఉంటే అది నాది,” అన్నాడు ఆయన.

“పోసింది నేను.”

“తెలిసి పోయలేదు కదా. తెలియక జరిగింది పాపం కాదు. అయినా పశువుల పాకలో పుట్టిన దేవుడు మురుగుని చూసి ముక్కు మూసుకుంటాడా? మనుషులు ఎంత లోతు బురదలో ఉంటే అంత లోతుకీ దిగొచ్చాడు ఆయన.”

మంచి మాటే. పిన్నికి నిజంగానే గుండె మీద బరువు దించినట్టయింది. అలా తేలికపడినందుకే ఆవిడకి దడ పుట్టింది.

“ఇంతేనా ఫాదర్?”

“ఇంతే. నిశ్చింతగా వెళ్ళండి. రేపు సత్ప్రసాదం తీసుకోండి.”

“మరి మావాణ్ణి పన్నెండేళ్ళు ఎందుకు కూర్చోబెట్టాం?”

ఆయన ఏదో అనబోయాడు గానీ పిన్ని ఆగలేదు.

“వాడు మాత్రం కావాలని చేసిందేముంది? పెళ్ళాం వదిలేసి పోతే ఒక తోడు చూసుకున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపింది నేను. రూలు అన్నాను. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి రెండు మాటల్లో తీరిపోయిందా? అంత సులువైతే వాడికి అప్పుడే ఎందుకు చెప్పలేదు ఎవరూ?”

“ఆ రోజులు వేరు పిన్నీ.”

“రోజులు వేరైతే దేవుడు కూడా వేరా?”

ఆయన పాప క్షమాపణ మంత్రం చెప్పి, గొట్టం వేరేవాళ్ళతో మార్పిస్తానన్నాడు.

“వద్దు,” అంది పిన్ని. “వాడి పని మీద ఇంకొకడు చెయ్యి వేస్తే వాడు అడుగుతాడు. వాడికి తెలియకూడదు. తెలిస్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు.”

“ఇక్కడ విన్నది ఇక్కడే ఉంటుంది,” అన్నాడు ఆయన. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా.

మర్నాడు పూజలో సత్ప్రసాదానికి అందరూ లేచారు. పిన్ని లేవలేదు. అసలు ఆవిడ ఆ రోజు ముందు బెంచీల్లో కూర్చోనే లేదు. ఆఖరి బెంచీలో, స్తంభం పక్కన కూర్చుంది. చెక్క అక్కడ అరిగి నున్నగా ఉంది, వాళ్ళిద్దరి వల్ల. స్తంభం అడ్డంగా ఉండి పీఠం సగమే కనపడుతుందని ఆవిడకి ఇన్నేళ్ళకి తెలిసింది. ఎవరి రూలు ప్రకారం వాణ్ణి ఇక్కడ కూర్చోబెట్టిందో ఆ రూలు తనకి మాత్రం వర్తించదంటే వాడి ముందు తలెత్తుకోలేదు. దేవుడు క్షమించాడని ఫాదర్ చెప్పాడు, నిజమే అయి ఉండొచ్చు. తనని తాను క్షమించుకునే హక్కు తనకి లేదనుకుంది. పన్నెండేళ్ళు తను బతుకుతుందో లేదో కూడా తెలియదు.

మూడో వారమో నాలుగో వారమో, గిన్నె పట్టుకుని గన్నేరు మొక్క దగ్గర వంగి ఉండగా హెడ్మాస్టరు గారు చేతికర్ర ఊపుకుంటూ వచ్చారు.

“ఏమ్మా, లోపల మట్టి తొట్టి పెట్టుకుని ఇక్కడ ఈ పాట్లేమిటి?”

“మొక్క ఎండిపోతోందని…”

ఆయన మొక్క వైపు చూశారు. దాని మొదట్లో వాన నీళ్ళు ఇంకా మడుగు కట్టి ఉన్నాయి.

“గొట్టాలు మార్చినప్పుడు ఆ తొట్టిని ఏమైనా కెలికారా? నిజం చెప్పు. అలాంటిదేమైనా జరిగితే నేను ఊరుకోను, బిషప్ గారి ముందు నిలబెడతాను అందర్నీ. కమ్మీ పోయింది, లాటిన్ పోయింది, ఇప్పుడు అర్హత లేని చేతులు ఏకంగా పీఠం వెనక్కే…” అని, ఎవరితో మాట్లాడుతున్నదీ గుర్తొచ్చి నాలుక కరుచుకున్నారు.

“తొట్టి బాగానే ఉందండీ,” అంది పిన్ని. “మా అబ్బాయి దాన్ని ముట్టుకోలేదు.”

గుడి ఆవరణలో ఆవిడ అబద్ధమాడటం అదే మొదలు. ఆయన నమ్మారో లేదో తెలియదు, కర్ర ఊపుకుంటూ వెళ్ళిపోయారు. ఆ నోటితో సత్ప్రసాదం ఎలా తీసుకోవాలో పిన్నికి ఇక అసలే తోచలేదు. అలాగని నిజం చెప్పగలదా? చెబితే రేపటి నుంచి కొడుకుని ఎవరూ ప్లంబరనరు, దేవుణ్ణి మురుగులో కలిపినవాడంటారు.

కొడుకు మొదట్లో తల్లి మోకాళ్ళ నొప్పి అనుకున్నాడు. వాడూ పెళ్ళామూ పిల్లా ఇప్పుడు మధ్య బెంచీలో కూర్చుంటున్నారు. వరసలో నిలబడి వెనక్కి తిరిగి చూసేవాడు. తల్లి స్తంభం పక్కన కూర్చుని, దారిచ్చేందుకు మోకాళ్ళు పక్కకి తిప్పుకుంటూ కనపడేది. జనం గుసగుసలు మొదలయ్యాయి. పిన్ని కొడుకుతో పాటు తీసుకోదట, ఎంతైనా పాతకాలం మనిషి కదా, అని. కోడలి చెవిన పడింది. కోడలి నుంచి వాడి చెవిన పడింది.

ఒక రోజు పిన్ని ఇస్త్రీ చేసుకుంటుంటే వెనక గదిలోకి వచ్చాడు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా సిమెంటు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“అమ్మా, ఒకటి అడుగుతాను, నిజం చెబుతావా?”

“ముందు లోపలికి రా రా. ఏమైనా తిన్నావా?”

“తిండి సంగతి తర్వాత. నేను లేవడం మొదలుపెట్టాక నువ్వు లేవడం మానేశావు. ఎందుకు?”

“ఒంట్లో బాగుండటం లేదు.”

“బెంచీ దాకా నడిచొచ్చిన ఒళ్ళు ఇంకో పది అడుగులు నడవలేదా?”

పిన్ని గుడ్డ మీద ఇస్త్రీ పెట్టెని ముందుకీ వెనక్కీ తోసింది.

“నాతో పాటు తీసుకోవడం నీకు ఇష్టం లేదు. అదే కదా? ఫాదర్ రమ్మన్నాడు, దేవుడు రమ్మన్నాడో లేదో నీకు నమ్మకం లేదు. నేను ముట్టుకున్నాక ఇంక అది నీకు పనికిరాదు.”

“ఛ, ఏం మాటలు రా అవి! అది కాదు.”

“మరేమిటి? కాదంటే చాలదమ్మా. ఏమిటో చెప్పు.”

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ కళ్ళు తనకి తెలియకుండానే కిటికీ కింద చిన్న తొట్టి వైపు పోయాయి. కొడుకు కూడా అటు చూశాడు. వెళ్ళి మూత తీశాడు. పక్కనున్న చెంబుతో నీళ్ళు ముంచి పోసి, అవి దిగడం చూశాడు.

“ఇది బాగా పనిచేస్తోందా?” అన్నాడు.

పిన్ని వాడి మొహం చూసింది. చిన్నప్పుడు బడి నుంచి పలక తెచ్చి చూపించినప్పటి మొహమే అది.

“బాగా పనిచేస్తోంది రా.”

“పోనీలే,” అన్నాడు వాడు, మూత వేస్తూ. “ఈ గుడిలో ఇదొక్కటైనా సరిగ్గా చేశాను.”

వెళ్ళిపోయాడు. పెట్టె కింద గుడ్డ కమురు వాసన వచ్చేదాకా పిన్ని కదల్లేదు. అన్నేళ్ళలో ఆవిడ కాల్చిన మొదటి గుడ్డ అది.

ఆ వారమంతా ఆవిడకి మెతుకు సహించలేదు. ఎటు నుంచి ఆలోచించినా గోడే. చెబితే వాడి పని పాడు, చెప్పకపోతే వాడి మనసు పాడు. శనివారానికి ఒక నిర్ణయానికి వచ్చింది. వెళ్తుంది. వాడి పక్కన నిలబడి, వాడు చూస్తుండగా చేతులు చాపి తీసుకుంటుంది. పాపమైతే ఆ పాపం తనకే తగలనీ. రూలు తప్పడం తన వల్ల కాదనుకున్న మనిషి, కొడుకు కళ్ళ ముందు ఒక్కసారి రూలు తప్పడానికి సిద్ధపడింది. అలా అనుకున్నాక ఒక పూట నిద్ర కూడా పట్టింది.

ఆదివారం అందరికంటే ముందే వెళ్ళింది. ఆఖరి బెంచీ దాటి, వాళ్ళు కూర్చునే మధ్య బెంచీలో కూర్చుంది. పక్కన చేతిసంచీ ఒకటి, గొడుగు ఒకటి, జపమాల డబ్బీ ఒకటి పెట్టి ముగ్గురికీ చోటు ఆపింది. గంట మోగింది. మొదటి పాట అయింది. ఎవరో కూర్చోబోతే, “మావాళ్ళు వస్తున్నారండీ,” అంది. వాక్యం చదివారు, ప్రసంగం అయింది, గిటారు మోగింది. గుమ్మం వైపు చూసి చూసి మెడ పట్టేసింది. సత్ప్రసాదం వేళకి జనం లేచి కదిలారు, ఆ తోపులాటలో ఆవిడా వరసలో పడింది.

కొత్త ఫాదర్ ఆవిణ్ణి చూసి మొహం విప్పార్చాడు. అప్పం పైకెత్తి, “క్రీస్తు శరీరం,” అన్నాడు.

ఆమెన్ అనాలి. పిన్ని వెనక్కి తిరిగి చూసింది. మధ్య బెంచీలో సంచీ, గొడుగు, డబ్బీ. స్తంభం పక్కన ఎవరూ లేరు. గుమ్మంలో ఎవరూ లేరు. చూడాల్సినవాడు లేకుండా తీసుకుంటే అది వాడి కోసం కాదు, వట్టి పాపమే. చాపిన చేతులు వెనక్కి తీసుకుని గుండెల మీద కట్టుకుంది. తల అడ్డంగా ఊపి పక్కకి తప్పుకుంది. ఫాదర్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పక్క వరసలో హెడ్మాస్టరు గారు అది చూశారు. కొత్త ఫాదర్ చేతి నుంచి వద్దన్నదని కాబోలు, మెచ్చుకోలుగా తల పంకించారు.

పూజ అయ్యాక కోడలికి ఫోన్ చేసింది.

“ఆయన పనికి వెళ్ళారు అత్తయ్యా,” అంది కోడలు. “ఎక్కడో కొత్త కట్టడంలో ఆదివారాల పని ఒప్పుకున్నారు. ఇక మీదట గుడికి కుదరదన్నారు. నేను అడిగితే, అమ్మని మళ్ళీ ముందు బెంచీలో తన చోట్లో కూర్చోమని చెప్పు, అన్నారు.”

“వాడితో ఒక్క మాట…”

“వద్దత్తయ్యా. మీ ఫోన్ వస్తే ఇవ్వొద్దన్నారు.”

పిన్ని వెనక గదిలోకి వెళ్ళింది. ఆ రోజు గుడ్డలు ఆ రోజే జాడించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ప్రతిసారీ గిన్నె పట్టుకుని బయటికెళ్ళి గన్నేరు మొక్క మొదట్లో పోసింది. మోకాళ్ళు మొరాయిస్తున్నా పోసింది. గుడ్డలు సబ్బులో నానేసి, చేతులు తుడుచుకుని, చిన్న తొట్టి దగ్గర నిలబడింది. మూత తీసి, కుళాయి కింద చెంబు నింపి, ఆ మామూలు నీళ్ళు అందులో పోసింది. చుక్క నిలవకుండా దిగిపోయాయి. ఇంకో చెంబు పోసింది. అవీ దిగిపోయాయి. వాడి పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.